నలభై ఒకటో డబ్బా

క్రితం వారం కాత్యాయనిని మనం మైక్రోస్కోపు ముందు నోట మాట రాని స్థితిలో వదిలి వచ్చాం. ఇరవై రెండేళ్ళుగా దోమల వెంట తిరుగుతున్న మనిషి ఆమె. గోదావరి మన్యంలో మలేరియా మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకుంది. కరోనా సద్దుమణిగిన ఏడు భర్త ఉద్యోగంతో పాటు దుబాయ్ చేరి, రెండేళ్ళు ఊరికే కూర్చుని, చివరికి ఇక్కడి దోమల పరిశోధన ప్రాజెక్టులో చోటు సంపాదించుకుంది. ఏప్రిల్‌లో ఊరంతా నీళ్ళు నిలిచిన ఆ వానల తర్వాత డెంగీ భయం పట్టుకుంటే, ఇంటర్నేషనల్ సిటీ అనే పేటలో పన్నెండు బిల్డింగులున్న ఒక క్లస్టరును ఆమెకు అప్పగించారు. "పొగ కొట్టక్కర్లేదు. నిలవ నీళ్ళు వెతికి పారబోయిస్తే చాలు. ఎనిమిది వారాల్లో దోమ గుడ్లు సగానికి తగ్గించి చూపిస్తాను" అని ఆమె మాట ఇచ్చింది. తగ్గకపోతే ప్రాజెక్టు మూసేసి, పొగ కొట్టే కంపెనీకే పని మొత్తం ఇచ్చేస్తారు.

అరవై చోట్ల అరవై నల్ల డబ్బాలు పెట్టించింది. డబ్బాలో కొంచెం నీళ్ళు, నీళ్ళలో నిలబెట్టిన చెక్కముక్క. తడిసిన చెక్క మీద దోమ గుడ్లు పెడుతుంది. వారానికోసారి ఆ చెక్కలు తెచ్చి గుడ్లు లెక్కపెట్టాలి. లెక్క వారం వారం బుద్ధిగా దిగింది, ఒక్క నలభై ఒకటో డబ్బాలో తప్ప. అది ఆరో వారం ముప్ఫై, ఏడో వారం తొంభై, నిన్న రెండువందల పద్నాలుగు! ఆ డబ్బా ఎక్కడుందా అని పటం మీద వేలు పెట్టి చూసుకుంటే, అది కాత్యాయని కాపురముంటున్న బిల్డింగు మెట్ల కిందే ఉంది.

ఎనిమిది వారాల లెక్క చూపించాల్సిన మీటింగు ఇవాళ మధ్యాహ్నం రెండింటికి.

ఉదయం ఏడు కాకుండానే ఆమె టార్చిలైటు, సీసాల సంచీ, పొడుగు పిడి ఉన్న తెల్ల గరిటె తీసుకుని బయల్దేరింది. దోమల వాళ్ళకి ఆ గరిటే ఆయుధం. నిలవ నీళ్ళలో ముంచి తీస్తే, తెల్లదనం మీద పురుగు నల్లగా దొరికిపోతుంది.

"సొంత బిల్డింగులోనే సోదా మొదలుపెట్టావంటే పరిస్థితి బాగాలేదన్నమాట," అన్నాడు భర్త వేణుగోపాలరావు, ఆఫీసుకు టై కట్టుకుంటూ. "మన బాత్రూములో బకెట్టు నేను రాత్రే బోర్లించాను. నా మీద కేసు పెట్టకు."

"మీ మీద అనుమానం లేదు. మీరు మొక్కకి కూడా నీళ్ళు పొయ్యరు."

"మీ నాన్నగారేరీ? కాఫీ తాగలేదు."

"వాకింగుకెళ్ళుంటారు," అంది కాత్యాయని. ఆమె తండ్రి వీరరాఘవరావు, భార్య పోయాక రెండేళ్ళ క్రితం కూతురి దగ్గరికి వచ్చేశాడు. ఈ మధ్య రోజూ పొద్దునా సాయంత్రం గంటసేపు కనిపించడం లేదు. డెబ్బై ఆరేళ్ళ వయసులో అంత ఓపికగా నడుస్తున్నందుకు కూతురు సంతోషిస్తోంది.

కింద నాతూర్ అబ్బులు కాచుకుని ఉన్నాడు. బిల్డింగు వాచ్‌మన్‌ని ఇక్కడ నాతూర్ అంటారు. నలభై అయిదేళ్ళుంటాయి, అమలాపురం దగ్గర మనిషి. ఏ ఫ్లాటులో ఎవరు ఎప్పుడు లేస్తారో, ఎవరికి కోపం ఎక్కువో అతనికి కంఠస్థం.

ఇద్దరూ కలిసి ఇల్లిల్లూ తిరిగారు. ఏసీ నీళ్ళు కారే గొట్టాల కింద చూశారు. వాషింగ్ మిషన్ల వెనక చూశారు. రెండో అంతస్తులో సర్వర్ బేగం, ఫ్రిజ్ వెనక ట్రే చూపించమంటే ముందు చాయ్ తాగితేనే చూపిస్తానని కూర్చోబెట్టింది. చాయ్ బాగుంది, ట్రే పొడిగా ఉంది. మూడో అంతస్తులో బ్యాచిలర్లు మనీప్లాంటు సీసా దాచబోయి దొరికిపోయారు గానీ అందులోనూ పురుగు లేదు. రెండు గంటలు తిరిగి, ఇరవై నాలుగు ఫ్లాట్లు గాలించినా గరిటెలోకి ఒక్క తోక రాలేదు.

"ఇక పైకప్పు," అంది కాత్యాయని.

అబ్బులు మొహం మారింది. "పైనేం లేదండి మేడంగారూ. ఏసీ మిషన్లూ, నీళ్ళ ట్యాంకులూనండి. ఎండండి బాబూ, మీరు తట్టుకోలేరండి."

"నవంబరులో ఎండేమిటి అబ్బులూ?"

"తాళం ముదీర్ గారి దగ్గరుందండి మరి," అన్నాడు. మేనేజరుని ఇక్కడ ముదీర్ అంటారు.

కాత్యాయని అతని నడుముకు వేళ్ళాడుతున్న తాళాల గుత్తి వైపు చూసింది. అబ్బులు కూడా దాన్ని ఇప్పుడే చూసినట్టు చూసుకున్నాడు. "ఇందులో ఏదో ఒకటై ఉంటదేమోనండి," అని నీళ్ళు నమిలాడు.

తీరా పైకెళితే తాళంతో పనే లేకపోయింది. తలుపు ఓరగా తెరిచి ఉంది. నీళ్ళ ట్యాంకుల వెనక నీడలోంచి ఎవరో ముద్దుగా బతిమాలుతున్న గొంతు వినిపిస్తోంది.

"తినండి, తినండి. తోసుకోకండి. అందరికీ ఉంది."

కాత్యాయని ట్యాంకు చుట్టూ తిరిగి వెళ్ళింది. ఎనిమిది నీలం ప్లాస్టిక్ టబ్బులు వరసగా పేర్చి ఉన్నాయి. వాటి ముందు ముక్కాలి పీట మీద ఉన్ని టోపీ పెట్టుకుని ఆమె తండ్రి. చేతిలో చిన్న డబ్బా. అందులోంచి ఏదో పొడి చిటికెడు తీసి, అక్షింతలు వేసినంత జాగ్రత్తగా నీళ్ళ మీద చల్లుతున్నాడు.

"నాన్నగారూ!"

వీరరాఘవరావు ఉలిక్కిపడి, అంతలోనే పట్టుబడ్డ పిల్లాడిలా నవ్వాడు. "వచ్చేశావా? ఇంకో పదిరోజులాగి నేనే పిలిచి చూపిద్దామనుకున్నాను. అంతా పాడుచేశావు."

"ఏమిటివి?"

"గప్పీ చేపలమ్మా! మన మలేరియా డిపార్టుమెంటులో గంబూషియా చేపలు పెంచి బావుల్లో వదిలేవాళ్ళం, గుర్తుందా? ఇక్కడ అవి దొరకలేదు. అబ్బులు చేత డ్రాగన్ మార్ట్ నుంచి గప్పీలు తెప్పించాను, నలభై. దోమ పురుగుని ఇవి కూడా బాగా తింటాయి. నీ క్లస్టరులో పారబొయ్యడానికి వీల్లేని నీళ్ళు ఎక్కడెక్కడున్నాయో అక్కడ వదులుదువుగాని. నలభై ఏం సరిపోతాయిలే అనుకున్నాను. చూడు, పిల్లలు పెట్టేశాయి! టబ్బుకి వందలు!"

ఆయన మొహం వెలిగిపోతోంది. వెనకాల అబ్బులు ఆకాశం వైపు చూస్తున్నాడు.

కాత్యాయని వంగి మొదటి టబ్బులో తెల్ల గరిటె ముంచి తీసింది. గరిటె నిండా నల్లటి కొక్కేలు. తలకిందులుగా వేళ్ళాడుతూ, మెలికలు తిరుగుతూ, ఒకదాన్నొకటి తన్నుకుంటూ. రెండో టబ్బు ముంచింది. మూడోది ముంచింది. మూడింట్లోనూ అవే. చేప అన్నది ఒక్కటి లేదు.

"మేత ఏం వేస్తున్నారు నాన్నగారూ?" అంది, గొంతు మామూలుగా ఉంచుకోవడానికి ప్రయత్నిస్తూ.

"చేపల మేతే. పలుకులుగా ఉంటే పిల్లలకి నోరు పట్టదని మెత్తగా పొడిచేశాను. పొద్దున ఒక చిటికె, సాయంత్రం ఒక చిటికె."

కాత్యాయనికి నవ్వాగలేదు. లాబ్‌లో ఆమె పరీక్షల కోసం దోమలను పెంచుతుంది. అక్కడ పురుగులకు వేసేది కూడా చేపల మేతే, మెత్తగా పొడి చేసే వేస్తారు. తండ్రి ఎవరూ చెప్పకుండానే ఈ పైకప్పు మీద ఒక మంచి దోమల కేంద్రం నడుపుతున్నాడు! తన లాబ్ కంటే ఇక్కడి పురుగులే పుష్టిగా ఉన్నాయి.

"ఎందుకే నవ్వుతావ్?"

ఆ ప్రశ్నతో ఆమె నవ్వు ఆగిపోయింది. ఆయన వేళాకోళానికి అడగలేదు. ఆయనకు నిజంగానే తెలియలేదు.

ఆమె గరిటె ఆయన కళ్ళ ముందు పట్టుకుంది. "ఇందులో ఏం కనిపిస్తోంది?"

"పిల్లలు."

"తల ఎటుంది? తోక ఎటుంది?"

వీరరాఘవరావు కళ్ళజోడు తీసి, పంచె చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. గరిటె దగ్గరికి లాక్కున్నాడు. దూరం పెట్టాడు. మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నాడు.

ఆయన ముప్ఫై ఒక్కేళ్ళు మన్యంలో మలేరియా ఇన్‌స్పెక్టరుగా చేశాడు. సైకిలు మీద ఊరూరా తిరిగి, గూడెంలో కుండలోకి నిలబడే తొంగిచూసి, పురుగు నీళ్ళలో ఎలా వేళ్ళాడుతోందో చూసి అది ఏ జాతి దోమో చెప్పేవాడు. తొమ్మిదేళ్ళప్పుడు ఆమెను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళి, మొదటి పురుగును చూపించింది ఆయనే. ఆ తర్వాత ఆమె చదివిన చదువంతా ఆ కుండలోంచి పుట్టిందే.

"మంచు పట్టినట్టు ఉంటోందమ్మా ఈమధ్య," అన్నాడాయన మెల్లగా.

"ఎన్నాళ్ళుగా?"

"ఎండాకాలం నుంచి."

"శుక్లాలై ఉంటాయి. నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అరవై డబ్బాలు చూసుకుంటున్నావు. అరవై ఒకటోది కూడా ఎందుకులే అని."

కాత్యాయని గరిటె ఆయన చేతిలోంచి తీసుకుంది. ప్రతి వారం మైక్రోస్కోపులో గుడ్లు లెక్కపెట్టింది. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి కూర గిన్నెను తడుముకుంటూ ఉండడం మాత్రం చూడలేదు. ఆమె ఆయన పక్కన నేల మీద కూర్చుంది.

"నాన్నగారూ, ఇవి చేప పిల్లలు కావు."

వీరరాఘవరావు మేత డబ్బా మూత పెట్టేశాడు. తర్వాత ఇన్‌స్పెక్టరు గొంతుతో అడిగాడు. "పురుగులా?"

"పురుగులే."

"జాతి?"

"ఏడిస్. డెంగీ దోమ."

ఆయన తల వంచుకున్నాడు. భుజాలు కదలడం చూసి, ఏడుస్తున్నాడేమోనని ఆమె కంగారుగా చెయ్యి పట్టుకుంది. ఆయన తలెత్తాడు. నవ్వు ఆపుకోలేక కళ్ళ నీళ్ళు పెట్టుకుంటున్నాడు.

"ముప్ఫై ఒక్కేళ్ళు వీటిని చంపిన పాపం ఉందనుకుంటాను. ఇప్పుడు పూటకో చిటికె మేత పెట్టి తీర్చుకున్నాను!"

కూతురికీ నవ్వొచ్చేసింది. ఆ నవ్వులోనే అబ్బులుకు ధైర్యం వచ్చింది కాబోలు, ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"తప్పు నాదేనండి మేడంగారూ. అయ్యగారు ఓ రోజంతా బకెట్లో నిలవుంచిన నీళ్ళే పొయ్యమన్నారండి. నేను మర్చిపోయి గొట్టం పెట్టేశానండి. ఆ క్లోరిన్ మందు వాసన నీళ్ళకి తెల్లారేసరికి సేపలన్నీ తేలిపోయాయండి. తీసి పారేశాను. ఎలా సెప్పాలా అని నేను సస్తా ఉంటేనండి, ఓ వారం పోయాక అయ్యగారొచ్చి 'పిల్లలు పెట్టాయిరా అబ్బులూ' అని ఎంత సంబరపడ్డారంటేనండీ... నా నోరు పెగల్లేదండి. నేనూ అనుకున్నాను, ఏమో, పోయే ముందు గుడ్లు పెట్టుంటాయిలే అని."

"గప్పీలు గుడ్లు పెట్టవురా. పిల్లల్నే కంటాయి," అన్నాడు వీరరాఘవరావు. "అది నాకు తెలుసు. నాకు తెలియకుండా పోయింది ఒక్కటే. సరే, లెండి."

ఆయన పీట మీంచి లేచాడు. ఆ తర్వాత అరగంట పైకప్పు మీద ఆయనదే రాజ్యం. ఒక్కో టబ్బులోంచి ఒక్కో సీసాలోకి పురుగులు పట్టించి, సీసా మీద అంకె వేయించి, నీళ్ళన్నీ ఎండ తగిలే చోట నేల మీద పారబోయించాడు. టబ్బుల అంచులు పీచుతో తోమాలని అబ్బులుకు చెప్పాడు. "గుడ్డు అంచున అంటుకుని ఉంటుంది. తోమకపోతే మళ్ళీ నీళ్ళు తగలగానే పురుగై లేస్తుంది."

కాత్యాయని సంచీ సర్దుకుంటుంటే ఆయన అడిగాడు. "ఇవాళే కదూ మీటింగు? నా పేరు రాస్తావా?"

"మీ పేరెందుకు నాన్నగారూ? పైకప్పు మీద టబ్బులు దొరికాయని రాస్తే చాలు."

"చాలదు. ఎవరింటి నీళ్ళో రాయకపోతే అది రిపోర్టు కాదు. మా తహసీల్దారు ఇంట్లో పురుగు దొరికితే తహసీల్దారని రాశాను. నన్ను మన్యం లోపలికి బదిలీ చేశారు. అక్కడే నువ్వు పుట్టావు. నాకేం నష్టం రాలేదు."

*

పన్నెండింటికి లాబ్‌లో తహ్మీనా లెక్కలు వేసి కూర్చుంది. నిజామాబాదు పిల్ల. కాత్యాయని దగ్గర సహాయకురాలిగా ఏడాదిగా చేస్తోంది. చేతి పనిలో ఎంత నిదానమో నోటి పనిలో అంత వడి.

"మేడమ్, ఒక మాట చెప్త, కోపం చెయ్యద్దు. అరవై డబ్బాలు కలిపితే నలభై నాలుగు శాతం తగ్గినయి. సగం కాలే. గదే నలభై ఒకటి ఒక్కటి తీసేస్తే యాభై ఎనిమిది! డబ్బా పల్టీ కొట్టింది, లెక్క పోయింది అని రాస్తే ఖలాస్. ఎవలడుగుతరు?"

కాత్యాయని ఆ రెండు అంకెల వైపు చూసింది. ఆశ పుట్టలేదని చెప్పడం అబద్ధమవుతుంది. దుబాయ్ వచ్చిన మొదటి రెండేళ్ళు ఆమెకు గుర్తున్నాయి. పొద్దున్నే అందరూ బయటికి వెళ్ళిపోయాక, కిటికీ దగ్గర నిలబడి, పాత పరిశోధన కాగితాలు తిరగేస్తూ, తన చదువు దోమ ఆయుష్షు కంటే చిన్నదైపోయిందని అనుకున్న రోజులు. ఈ ప్రాజెక్టు పోతే మళ్ళీ ఆ కిటికీయే.

"మా నాన్నగారు అడుగుతారు," అంది చివరికి. "అరవై డబ్బాలూ ఉంచు. నలభై నాలుగే చూపిద్దాం."

తహ్మీనా నిట్టూర్చింది. "మీ నాన్న జబర్దస్త్ మనిషే. మీకు నౌకరీ పోతే మాత్రం నన్ను కూడా ఆయనే సాకాలె."

*

మీటింగు గదిలో ప్రాజెక్టు అధిపతి డాక్టర్ మరియమ్ బల్ల చివర కూర్చుంది. నల్లని అబాయా అంగీ, ముందు అరబ్బు కాఫీ ఖహ్వా కప్పు, కాగితం మీంచి కళ్ళెత్తకుండానే అన్నీ వినే అలవాటు. ఆమెకు ఎడమ పక్క పొగ కంపెనీ ముదీర్ అనీష్. త్రిస్సూరు మనిషి, నవ్వు మొహం, ఇస్త్రీ నలగని చొక్కా. మాటలు ఇంగ్లీషులో సాగుతున్నా, కోపం వస్తే హిందీలోకి దిగడం అక్కడ అందరికీ అలవాటే.

అనీష్ తన వంతు త్వరగానే ముగించాడు. ముగించేముందు చిరునవ్వుతో ఒక్క మాట వదిలాడు. "మేడమ్ క్లస్టరులో అన్నిటికంటే ఎక్కువ గుడ్లు ఏ డబ్బాలో వచ్చాయో అడగండి డాక్టర్. ఆ డబ్బా మేడమ్ ఇంటి మెట్ల కిందే ఉందని విన్నాను."

మరియమ్ కళ్ళెత్తింది. "నిజమేనా?"

"నిజమే," అంటూ కాత్యాయని లేచి నిలబడింది. "దొంగ ఇవాళ ఉదయమే దొరికాడు. పేరు వీరరాఘవరావు. వయసు డెబ్బై ఆరు. వృత్తి, రిటైరైన మలేరియా ఇన్‌స్పెక్టరు. నాకు తండ్రి."

తెర మీద బొమ్మ వచ్చింది. ఎనిమిది నీలం టబ్బులు, తెల్ల గరిటెలో నల్లటి పురుగులు, ఉన్ని టోపీ, మేత డబ్బా పట్టుకుని ఫొటోకి నిటారుగా నిలబడ్డ పెద్దాయన. కాత్యాయని దాచకుండా అంతా చెప్పింది. చేపలు, గొట్టం నీళ్ళు, పిల్లలు పెట్టాయన్న సంబరం, పూటకో చిటికె. బల్ల చుట్టూ ఉన్న నలుగురూ ముందు నవ్వు ఆపుకోవాలని చూశారు. అందరికంటే ముందు ఆపుకోలేకపోయింది మరియమ్మే. కప్పు కింద పెట్టి మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నా లెక్క నలభై నాలుగు శాతం," అంది కాత్యాయని, నవ్వులు తగ్గాక. "సగం అని మాట ఇచ్చాను. అందుకోలేదు. కానీ ఒక్క సంగతి చూడండి. నలభై ఒకటో డబ్బాలో ముప్ఫై గుడ్లు వచ్చిన వారం నుంచి అనీష్ గారు మా బిల్డింగు చుట్టూ రోజూ సాయంత్రం పొగ కొట్టించారు. రెండు వారాలు. ముప్ఫై కాస్తా రెండువందల పద్నాలుగైంది. పొగ మెట్ల కింద దాకా వచ్చింది, మా పైకప్పు ఎక్కలేదు. ఎక్కినా నీళ్ళలో ఉన్న పురుగును అది ఏమీ చెయ్యదు."

అనీష్ నవ్వు కొంచెం సన్నబడింది. అయినా తడుముకోలేదు. "మరి మీ పద్ధతి కూడా ఆ టబ్బుల్ని పట్టుకోలేదుగా? మీ తల మీదే ఉన్నాయి."

"పట్టుకోలేదు. తాళం ఉన్న ప్రతి చోటా 'నీళ్ళు లేవు' అని రాసుకుని వచ్చేశాం. అది మా తప్పు కాదు, నా తప్పు."

"పన్నెండు బిల్డింగుల్లో ఎన్ని పైకప్పులు చూశారు?" మరియమ్ అడిగింది.

"మూడు. ఇవాళ్టితో నాలుగు."

మరియమ్ ఆ అంకెను కాగితం మీద రాసుకుంది. ఆ మాటతో ప్రాజెక్టు పోయిందనే అనుకుంది కాత్యాయని. గోడ పక్క కుర్చీలో తహ్మీనా కళ్ళు మూసుకుంది.

అనీష్ పెన్ను తిప్పుతూ కాసేపు తెర మీది పెద్దాయన్ని చూశాడు. తర్వాత ఎవరూ అనుకోని మాట అన్నాడు.

"నా మనుషులకి తలుపులు తీస్తారు."

"ఏమిటి?" అంది మరియమ్.

"తాళాల సంగతి డాక్టర్. పదేళ్ళుగా తిరుగుతున్నారు నా వాళ్ళు. ప్రతి నాతూర్‌కీ దోస్తులే. మేడమ్ వెళితే తాళం ముదీర్ దగ్గరుందంటారు. మావాళ్ళు వెళితే చాయ్ ఇచ్చి మరీ తీస్తారు. కానీ ముప్ఫై మందిలో ఒక్కడికీ పొగ గొట్టం పట్టుకోవడం తప్ప ఏమీ రాదు. పురుగు ఎలా ఉంటుందో నేనే ఇవాళ ఈ తెర మీద చూశాను." అతను కాత్యాయని వైపు తిరిగాడు. "మా అచ్ఛన్, మా నాన్న కూడా కళ్ళు కనబడకుండానే రెండేళ్ళు స్కూటర్ నడిపాడు మేడమ్. మాకెవరికీ చెప్పలేదు. గేదెను గుద్దాకే తెలిసింది."

ఈసారి నవ్వు అనీష్‌తోనే మొదలైంది.

మరియమ్ కాగితం మీద ఏదో రాసి, సంతకం పెట్టి, పెన్ను మూత బిగించింది. "ఇంకో రెండు నెలలు. క్లస్టరులో పొగ బంద్. అనీష్ మనుషులు ముప్ఫై మందీ గరిటెలు పట్టుకుని డాక్టర్ కాత్యాయని కింద పనిచేస్తారు. ముందు పైకప్పులు. యల్లా, కదలండి, రేపటి నుంచే." లేవబోతూ ఆగింది. "వాళ్ళకి పురుగును చూపించి నేర్పడానికి ఆ ఇన్‌స్పెక్టరు గారు వస్తారా?"

"ఆయనకు కళ్ళు..."

"ఆపరేషన్ చేయించి తీసుకురండి. ఇది ప్రాజెక్టు అధిపతిగా నా ఆర్డరు. ఒక కూతురిగా కూడా."

*

నాలుగింటికి లాబ్‌కి తిరిగి వస్తూ కాత్యాయని దారిలో ఖర్జూరం హల్వా కొంది. తహ్మీనా ముందే వచ్చి, ఉదయం తెచ్చిన సీసాలు ఒక్కొక్కటిగా మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తోంది. కాత్యాయని హల్వా పొట్లం విప్పి పిలిచినా తల ఎత్తలేదు.

"ఇటు రాండ్రి మేడమ్. ఏడు సీసాలల్ల ఏడిస్ దోమే. గీ ఎనిమిదోది జర మీరు చూడుండ్రి."

చూడడానికి మైక్రోస్కోపు కూడా అక్కర్లేదు. డెంగీ దోమ పురుగు నీళ్ళలో తలకిందులుగా వేళ్ళాడుతుంది. ఎనిమిదో సీసాలో పురుగులు అలా లేవు. నీటి పైపొరకి ఆనుకుని, పడుకోబెట్టిన అగ్గిపుల్లల్లా అడ్డంగా తేలుతున్నాయి. తొమ్మిదేళ్ళప్పుడు గూడెంలో కుండలోకి తొంగిచూసి మొట్టమొదట నేర్చుకున్న భంగిమ అది.

అనాఫిలిస్. మలేరియా దోమ.

"దోమ ఉన్నంత మాత్రాన మలేరియా ఉన్నట్టు కాదు," అంది కాత్యాయని, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "ఈ దేశంలో మలేరియా లేదని ప్రకటించి పదిహేడేళ్ళయింది. బయటి నుంచి ఎవరైనా ఒంట్లో మోసుకొస్తే తప్ప..."

ఫోను మోగింది. తండ్రి. కళ్ళ ఆపరేషన్ సంగతి, ముప్ఫై మంది శిష్యుల సంగతి చెప్పి ఆటపట్టిద్దామని ఆమె నవ్వుతూ ఎత్తింది.

"అబ్బులు కూలబడ్డాడమ్మా," అన్నాడు వీరరాఘవరావు. ఆ గొంతులో నవ్వు లేదు. "టబ్బులు తోముతూ తోముతూ వణుకు పట్టుకుంది. మూడు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటక కొట్టుకున్నాయి. గంట తర్వాత ఒళ్ళు పెనంలా కాలింది. ఇప్పుడు చెమటలు, పక్క తడిసిపోయింది. అడిగితే మొన్న కూడా ఇదే వేళకి ఇంతేనట. నిన్న శుభ్రంగా ఉన్నాడు."

కాత్యాయని ఎనిమిదో సీసా వైపు తిరిగింది. "ఈమధ్య ఊరెళ్ళొచ్చాడా నాన్నగారూ?"

"అడక్కుండా ఉంటానా? మూడేళ్ళయిందట ఇల్లు చూసి. ఈ దుబాయ్ దాటి ఎక్కడికీ పోలేదు." ఆయన ఒక క్షణం ఆగాడు. "నాకు పురుగు కనిపించకపోవచ్చు కాత్యా. ఈ జ్వరాన్ని గుర్తుపట్టడానికి కళ్ళక్కర్లేదు. రక్తం తీసే సూది, గాజు పలకలు పట్టుకుని వెంటనే రా."